నాలుగో పూస

ఫిబ్రవరి 11

వదినా,

మీ ఉత్తరం అందింది. మోకాలి నొప్పి తగ్గిందని రాశారు, సంతోషం. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోండి అంటే మీరు వినరు. మీ తమ్ముడూ అంతే. పొద్దస్తమానం రోడ్డు రోలరు మీద కూర్చుని నడుము పట్టేసినా, "ఇది నడుము కాదు, ఇనుము" అంటారు. అక్కా తమ్ముళ్ళిద్దర్నీ ఒకే మూసలో పోశారు. ఈసారి ఆయనకి పని చాలా దూరంలో పడింది. తారు పోసేది ఎక్కడో, వాళ్ళ గుడారం అక్కడే. ఎప్పుడు వీలైతే అప్పుడు వస్తున్నారు, బట్టల నిండా తారు మరకలతో.

ఇక్కడ ఉన్నది నేనూ బుడంకాయా. వాడు పుట్టాడని తెలియగానే మీరు ఉత్తరంలో పెట్టిన ముద్దుపేరే అందరికీ అలవాటైంది. కాని పేరుకు తగ్గట్టు లేడు వదినా. ఎనిమిదో నెల నడుస్తోంది. కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతాడు. అరచేతులు పాలిపోయి కాగితంలా ఉన్నాయి. రక్తం తక్కువ అన్నారు. ఇనుము మందు పట్టించాను. సూది మందులు వేయించాను. మళ్ళీ పరీక్ష చేయిస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్దపాపకీ ఇలాగే మొదలైంది. ఏడాది నిండకుండానే పోయింది. అప్పుడు పై అంతస్తు పెద్దావిడ అన్న మాటే మొన్న మళ్ళీ అంది: "నీ పాలలో బలం లేదమ్మాయ్. కొందరి పాలు పిల్లలకి పడవు." అప్పుడు ఏడ్చి ఊరుకున్నాను. ఈసారి ఆవిడ మొహం మీదే తలుపు వేశాను. వేసిన తలుపులోంచి కూడా ఆ మాట లోపలికి వస్తూనే ఉంది.

సోఫా గలీబులు కుట్టే పని దుకాణం నుంచి ఇంటికే తెచ్చుకుంటున్నాను. దానికి తోడు వాడి గుడ్డలు ఉతకడం. ఆరిన గుడ్డలు దులిపితే సన్నటి తెల్ల ఇసకలాంటిది రాలుతోంది. సబ్బు మార్చాను, నీళ్ళు కాచి ఉతికాను, అయినా అంతే. ఈ కొళాయి నీళ్ళ మహిమ అనుకుంటాను.

మీరు పెద్ద చదువులవాళ్ళ మధ్య పని చేస్తున్నారు. పిల్లల జబ్బులు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఒక్క మాట అడిగి రాయండి. నాకు భయంగా ఉంది.

మీ మరదలు


ఫిబ్రవరి 20

మరదలు పిల్లా,

నా మోకాలి సంగతి తర్వాత. ముందు నీ తెల్ల ఇసక సంగతి.

అది నీళ్ళ వల్ల కాకపోవచ్చు. నీ ఉత్తరం మా పెద్దాయనకి చదివి వినిపించాను. మా ల్యాబ్‌కి ఆయనే పెద్ద. తెల్ల ఇసక దగ్గరికి వచ్చేసరికి తాగుతున్న టీ పక్కన పెట్టి, "ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నారు. తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. నీకు అర్థమయ్యేలా చెబుతాను, ఓపిక పట్టు.

నేనిక్కడ ఏం చేస్తానని నువ్వు ఎన్నిసార్లు అడిగినా "పొడులు తూస్తాను" అని తప్పించుకున్నాను. నిజానికి అంతకంటే పెద్ద పనేమీ కాదు. వేసవిలో కూడా స్వెట్టరు వేసుకుని చల్లగదిలో కూర్చుని నాలుగు రకాల తెల్లపొడులు శుభ్రం చేసి సీసాలకెత్తుతాను. మన ఒంట్లో ప్రతి కణానికీ పని నడవాలంటే ఆర్ఎన్ఏ అనే దారం కావాలి. ఏ పని ఎలా చేయాలో ఆ దారమే కణానికి అందిస్తుంది. దాన్ని నాలుగు రకాల పూసలతో గుచ్చుతారు. వాటి అసలు పేరు న్యూక్లియోటైడ్లు. ఒక్కోదానికీ ముద్దుగా ఎ, జి, సి, యు అని పేర్లు. ఈ పూసలు ఎక్కణ్ణుంచో రావు, ఒళ్ళే తయారు చేసుకుంటుంది.

కొందరు పిల్లల్లో యు పూస తయారీ చివరి మెట్టు దగ్గర ఆగిపోతుంది. సి పూస కూడా యు నుంచే తయారవుతుంది కనక రెండూ కరువే. రక్తం రోజూ కొత్తగా పుట్టాలి కదా, అందుకని ముందు దెబ్బ తగిలేది దానికే. ఇనుము ఎంత పోసినా లాభం ఉండదు. సగం తయారైన సరుకేమో పోగుపడి మూత్రంలో బయటికి పోతుంది. దాని పేరు ఒరోటిక్ ఆసిడ్. ఆరితే తెల్లటి సన్నటి పలుకులు కడుతుంది.

ఇదేనని నేననడం లేదు. ఇది చాలా అరుదైన జబ్బు. కాని ఇదే అయితే మందు ఉంది. యు పూసకి పనికొచ్చే యురిడిన్ అనే పొడి, నా బల్ల మీద సీసాల్లో ఉండేదే, నోట్లో వేస్తే చాలు, ఒళ్ళు దాన్నే పూసగా మలుచుకుంటుంది. వెంటనే బుడంకాయని మీ ఊళ్ళో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళు. మూత్రం పరీక్ష చేయించమని అడుగు. మా పెద్దాయన ఆవిడకి విడిగా ఉత్తరం రాశారు. మీ పుట్టింటివైపు గాని మావైపు గాని పసితనంలో పోయిన పిల్లలున్నారేమో కూడా గుర్తు చేసుకుని ఆవిడకి చెప్పు.

అన్నట్టు ఒక తమాషా. ఆ ఒరోటిక్ ఆసిడ్‌ని మొట్టమొదట పట్టుకున్నది ఎక్కడో తెలుసా? పాలలో! పాలు విరిగితే పైన తేరే నీళ్ళుంటాయే, అందులో. దాని పేరు కూడా ఆ తేట పేరు నుంచే వచ్చింది. పాలలో ఇంత కథ దాగుందని ఎవరనుకుంటారు చెప్పు. నాకిలాంటివి దొరికితే ఎవరికో ఒకరికి చెప్పేదాకా తోచదు, మీ ఆయన్నడుగు, చిన్నప్పుడు వాణ్ణి ఇలాగే చంపుకుతినేదాన్ని.

ధైర్యంగా ఉండు. వాడి బుగ్గ మీద నా తరఫున ఒకటి.

మీ వదిన


మార్చి 2

వదినగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మీ పెద్దాయన ఉత్తరం ఆవిడకి అప్పటికే అందింది. మూత్రం తీసి ఎక్కడికో పెద్ద ఆసుపత్రికి పంపారు. ఫలితం రావడానికి రోజులు పడుతుందట.

మా పుట్టింట్లో పసితనంలో పోయిన పిల్లలెవరూ లేరు. మా అమ్మ ఐదుగుర్ని కని ఐదుగుర్నీ పెంచింది.

పాల సంగతి అర్థమైంది. చేయవలసింది చేశాను.

ఒక్కటే అడుగుతున్నాను. వాడికి కావలసిన పొడి మీ బల్ల మీదే ఉంటుందని రాశారు. ఒక చిన్న సీసా పార్సిల్‌లో పంపండి. ఫలితం వచ్చేదాకా ఆగే ఓపిక వాడి ఒంట్లో లేదు. ఎంత వేయాలో చీటీ మీద రాస్తే చాలు.

మీ మరదలు


మార్చి 9

మరదలు పిల్లా,

"వదినగారికి" అని మొదలుపెట్టావు, నాకు పదవేమైనా వచ్చిందా అని ఒకటికి రెండుసార్లు కవరు మీద చిరునామా చూసుకున్నాను. పుట్టింటి సంగతి అడిగినందుకు నొచ్చుకున్నావని తెలుస్తోంది. నేనడిగింది రెండు వైపులా. ఈ లోపం ఒక్కరి వైపు నుంచి రాదు. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం కలిస్తేనే బిడ్డకి వస్తుంది. అంటే మా ఇంట్లోదీ అందులో ఉన్నట్టే. నాలోనూ ఉందేమో, నాకు పిల్లలు లేరు కనక బయటపడలేదు.

సీసా మాత్రం పంపలేను. కోప్పడకుండా విను. నా బల్ల మీద ఉన్నది పరీక్షగొట్టాల్లో వాడేది. మనుషులకి కాదని సీసా మీదే రాసి ఉంటుంది. దాన్ని శుభ్రం చేసేటప్పుడు కడిగిన ద్రావకాలు లోపల ఏ మాత్రం మిగిలినా పెద్దవాళ్ళకే మంచిది కాదు, రక్తం లేని పసివాడికి అసలే కాదు. నేను చేసిన పొడిని నేనే నమ్మనని కాదు, అది ఆ పనికి చేసింది కాదు. ఫలితం రాగానే డాక్టరమ్మ ఒక్క ఉత్తరం రాస్తే, మా పెద్దాయన మందుగా ఇవ్వదగిన పొడిని విడిగా తయారు చేయించి, పరీక్షలు చేయించి పంపుతానన్నారు. పని మొదలుపెట్టాం కూడా. చల్లగదిలో ఇప్పుడు నేను చేసేది అదే.

పాల సంగతి అర్థమైందని రాశావు చూడు, మా పెద్దాయనకి చూపించి మురిసిపోయాను. "చూశారా, మా మరదలికి ఒక్కసారి చెబితే చాలు" అన్నాను. ఆయన కూడా నవ్వారు.

బుడంకాయ ఎలా ఉన్నాడో రాయి. తింటున్నాడా, నిద్రపోతున్నాడా, అన్నీ రాయి.

మీ వదిన


మార్చి 15

వదినగారికి,

వాడు ఎలా ఉన్నాడో తెలుసుకోవాలనుకునేవాళ్ళు సీసా పంపేవాళ్ళు. దాని మీద ఏం రాసి ఉందో చదివి వినిపించేవాళ్ళు కాదు. అన్నం అడిగినవాళ్ళకి అటక మీద ఉందని చెప్పి నిచ్చెన దాచినట్టుంది.

మీ నవ్వులు మీరు నవ్వుకోండి. ఇకమీదట మీకు శ్రమ ఇవ్వను.


ఏప్రిల్ 3

అమ్మాయ్,

ఇది నీకు రాస్తున్న మూడో ఉత్తరం. ముందు రెండూ అందాయో, చింపేశావో తెలియదు. మీ వీధి చివర కొట్టుకి ఫోను చేశాను. మీ ఇంటికి తాళం వేసి ఉందన్నారు. తమ్ముడి దగ్గరికి వెళ్ళావనుకుంటున్నాను. అలాగే అనుకోవాలనుంది.

డాక్టరమ్మ రాసిన ఉత్తరం మాకు వచ్చింది. అదే జబ్బు. మూత్రంలో ఒరోటిక్ ఆసిడ్ ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉందట. ఉత్తరం పట్టుకుని మా పెద్దాయన గది నుంచి నా బల్ల దాకా పరిగెత్తుకు వచ్చారు. పేరు లేని జబ్బుకి పేరు దొరికిందని ఇద్దరం సంబరపడ్డాం. తర్వాత నా బల్ల మీద సీసాలు చూస్తూ కూర్చుండిపోయాను. పెద్దపాప పోయిన ఏడాది కూడా ఇవే సీసాలు. ఇదే బల్ల. మీ ఆయన ఫోను చేసి "పోయిందక్కా" అన్న రోజు కూడా నేను యురిడిన్ తూస్తున్నాను. తూచడం ఆపి బస్సెక్కి మీ దగ్గరికి వచ్చాను. పాపకి కావలసినదాన్ని బల్ల మీద వదిలేసి, దాన్ని చూడ్డానికి వచ్చాను. తెలియదు కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. తెలియదు. నిజమే. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా గొంతు దిగడం లేదు.

పొడి సిద్ధమైంది. అన్ని పరీక్షలూ అయ్యాయి. నిన్న మా మనిషి చేతికిచ్చి రైల్లో డాక్టరమ్మకి పంపాం. ఒంటికి పట్టడం మొదలైతే వాడు నీ కళ్ళ ముందే రంగు తిరుగుతాడు.

ఇంకొక్క మాట. పై అంతస్తు పెద్దావిడకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నీ పాలలో ఏ లోపమూ లేదు. తల్లి పాలలో ఈ పూసలు కొద్దికొద్దిగా ఉంటాయి. ఇన్నాళ్ళూ వాణ్ణి అంతో ఇంతో నిలబెట్టినవి నీ పాలేనేమో అని మా పెద్దాయన అన్నారు. పొడి మొదలుపెట్టినా పాలు మాత్రం మానొద్దు.

కోపం ఉంటే కోపంగానే రాయి. రాయడం మానకు.

మీ వదిన


ఏప్రిల్ 12

వదినకి,

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మీ ఉత్తరాన్ని కొట్టు అబ్బాయి ఇక్కడికి తెచ్చిచ్చాడు. పొడి కూడా అందింది. సన్నటి గొట్టం ముక్కులోంచి వేసి దాని ద్వారా పట్టిస్తున్నారు.

మీరు పాలు మానొద్దని రాశారు. నేను ఫిబ్రవరిలోనే మానేశాను.

ఆ ఆసిడ్ పాలలో దొరికిందని రాశారు కదా. ఆ సాయంత్రమే మానేశాను. పెద్దావిడ అంటే నోటిదూల అనుకున్నాను. మీరు అన్నారంటే అది చదువు. పెద్దపాపకి విషం పోసింది నేనే, వీడికీ పోస్తున్నది నేనే అనుకున్నాను. వాడు రాత్రీ పగలూ నా జాకెట్టు పట్టుకుని గుంజుతూ ఏడిచాడు. పక్క గదిలో కూర్చుని మెషిను తొక్కాను, వాడి ఏడుపు వినిపించకుండా. తర్వాత డబ్బాపాలకి అలవాటుపడ్డాడు. మీ ఉత్తరంలో మురిసిపోయానని రాస్తే, మంచి పనే చేశానన్నమాట అనుకున్నాను.

డబ్బాపాలు మొదలైనప్పటి నుంచి కడుపు కుదురుగా లేదు. విరేచనాలు. ఇంకా నీరసించాడు. మార్చి నెలాఖరులో జ్వరం పట్టుకుంది. ఒళ్ళు విల్లులా వెనక్కి వంగిపోయింది. మెదడు పొరలకి చీము పట్టిందని చెప్పారు. మీ తమ్ముడికి కబురు చేస్తే రోలరు రోడ్డు మధ్యలో వదిలేసి దొరికిన లారీ ఎక్కి వచ్చారు.

డాక్టరమ్మ అడిగింది: "ఎనిమిది నెలల పిల్లాడికి పాలెందుకు మాన్పించావమ్మా?"

"మా వదిన రాశారు" అన్నాను.

"ఏమని?"

నా దగ్గర మీ ఉత్తరం ఉంది. తీసి చూపించాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసింది. తర్వాత మెల్లగా అంది: "ఇది ఆవు పాల మాటమ్మా. ఎప్పుడో ఎవరో ఆవు పాలలో కనిపెట్టిన సంగతి. నీ పాల మాట కాదు."

మీ తమ్ముడు గోడకి తిరిగి నిలబడ్డారు.

"పాలు మానకపోతే వీడికిలా అయ్యేది కాదా?" అని అడిగాను. "అది చెప్పలేను. ఈ జబ్బున్న పిల్లలకి ఎదురు నిలిచే బలం ముందే తక్కువ. పాలున్నా జ్వరం వచ్చేదేమో. రాకపోయేదేమో" అంది. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

వాడు ఇంకా కళ్ళు తెరవలేదు.


ఏప్రిల్ 18

అమ్మాయ్,

ఏం రాయాలో తెలియక కాగితాలు పాడుచేశాను. ఏది రాసినా సంజాయిషీలాగే ఉంది.

నీ ఉత్తరం అందిన రోజే సంచీ సర్దుకున్నాను. ఆసుపత్రికి ఫోను చేస్తే తమ్ముడు పలికాడు. "ఇప్పుడు రావద్దక్కా. తను నిన్ను చూసి తట్టుకోలేదు. నేను కూడా" అన్నాడు. నా తమ్ముడు నాతో జీవితంలో ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడలేదు. అరిచి ఉంటే బాగుండేది. సంచీ విప్పలేదు, గుమ్మం పక్కనే ఉంది.

ఆవు అనే రెండక్షరాలు రాయలేదు. నాకు తెలిసిన సంగతి కనక అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను. పెద్దావిడ అన్న మాట నీ ఉత్తరంలోనే ఉంది. నేను చదివాను. చదివి కూడా, బిడ్డ పాలిపోతున్న తల్లికి పాల గురించి తమాషా చెప్పాను. నువ్వు "చేయవలసింది చేశాను" అంటే ఏం చేశావని అడగలేదు. నవ్వాను. పక్కవాళ్ళకి చూపించి నవ్వాను.

సీసా గురించి కూడా రాత్రింబవళ్ళు అదే ఆలోచన. పంపకపోవడమే సరైన పని అని ఇక్కడ అందరూ అంటున్నారు. డాక్టరమ్మ కూడా అదే అంటుంది. నేనూ అలాగే అనుకుంటున్నాను. అయితే సరైన పని చేసినవాళ్ళకి ఉండే ఊరట నాకు రావడం లేదు. పంపి ఉంటే జ్వరం రాకముందే వాడికి కాస్త బలం వచ్చేదేమో అని ఒకసారి, పంపిన దానిలో మురికి ఉండి నా చేతులతోనే వాణ్ణి చంపేదాన్నేమో అని ఒకసారి. ఈ రెండింటి మధ్యా తిరుగుతున్నాను.

నువ్వు జవాబు రాయనక్కర్లేదు. వాడు కళ్ళు తెరిస్తే ఎవరి చేతనైనా ఒక్క ముక్క రాయించు.

వదిన


జూన్ 6

వదినకి,

ఎవరి చేతా రాయించడం ఇష్టం లేక నాకు వీలయ్యేదాకా ఆగాను.

కళ్ళు తెరిచాడు. నెల రోజుల కిందటే ఇంటికి వచ్చాం. రక్తం ప్రతి పరీక్షకీ పెరుగుతోంది. డాక్టరమ్మ తన దగ్గరికి వచ్చిన కొత్త డాక్టర్లందరికీ వాడి అరచేతులు తిప్పి చూపిస్తోంది. గులాబి రంగులో ఉన్నాయి. గుడ్డల్లో ఇసక రాలడం లేదు. కూర్చుంటున్నాడు. పొడి నీళ్ళలో కలిపి పట్టిస్తే మొహం వికారంగా పెట్టి సగం నా మీదే ఊస్తాడు. మిగిలిన సగం సరిపోతోందో లేదోనని మళ్ళీ కలుపుతాను. పాలు మళ్ళీ పట్టాలని చూశాను. ఎండిపోయాయి.

రెండు వారాల కిందట వాడు నాకు వీపు పెట్టి కూర్చుని గుడ్డముక్కలు లాగుతున్నాడు. నా చేతిలోంచి పెద్ద కత్తెర జారి నేల మీద పడింది. నేనే ఉలిక్కిపడ్డాను. వాడు తిరగలేదు. పేరు పెట్టి పిలిచాను. తిరగలేదు. పళ్ళెం తీసి గోడకేసి కొట్టాను. గుడ్డముక్క నోట్లో పెట్టుకున్నాడు. సాయంత్రం మీ తమ్ముడు వచ్చాక ఆయన కూడా వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. కొడుతూనే ఉన్నారు. నేను వెళ్ళి ఆయన చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

పరీక్షలు చేయించాం. ఆ జ్వరం రెండు చెవులూ తీసుకుపోయింది. వినికిడి మళ్ళీ రాదన్నారు.

మీ ఫిబ్రవరి ఉత్తరం నిన్న మళ్ళీ చదివాను. అందులో "పాలలో" అని ఉంది. "నీ పాలలో" అని లేదు. ఆ "నీ" నేనే చేర్చుకున్నాను. పెద్దపాప పోయినప్పటి నుంచీ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాను. మీరు కాకపోతే ఇంకొకరి మాటలో దొరికేది. చదివి మీకో ఉత్తరం ముక్క రాసి "ఇది నా పాల మాటేనా?" అని అడిగి ఉంటే సరిపోయేది. పౌరుషం అడ్డొచ్చింది.

మీ మీద కోపం లేదని రాయాలనుంది. ఇంకా రాయలేకపోతున్నాను. ఉన్నదేమో అన్న అనుమానం ఉంటే రాయకూడదు కదా.

మీ మరదలు


జూలై 14

అమ్మాయ్,

కోపం గురించి తొందరపడకు. ఉంటే ఉండనీ.

నీ ఉత్తరం అందిన రోజు, చదివి పనికి వెళ్ళాను. వాడికి కావలసిన పొడి ప్రతిసారీ నేనే చేస్తానని మా పెద్దాయన దగ్గర మాట తీసుకున్నాను. వాడికిది జన్మంతా కావాలి. నాకు ఓపిక ఉన్నంతకాలం నేను, తర్వాత ఎవరో. పనిలో ఉన్నంతసేపు బాగానే ఉంటాను. బయట వీధిలో ఎవరైనా ఎవరినైనా కేకేస్తే మాత్రం నిలబడిపోతున్నాను.

మా దగ్గర కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు పూసల గురించి పాఠం నేను చెప్పడం ఆనవాయితీ. ఈసారి ఒరోటిక్ ఆసిడ్ దగ్గరికి వచ్చాక ఒకమ్మాయి "దీనికా పేరు ఎందుకొచ్చిందండీ?" అని అడిగింది. ఏళ్ళ తరబడి ఈ ప్రశ్న కోసం ఎదురుచూసేదాన్ని, ఎవరూ అడక్కపోయినా నేనే చెప్పేదాన్ని. "తెలియదమ్మా" అన్నాను.

వాణ్ణి చూడాలనుంది. నిన్నూ తమ్ముణ్ణీ కూడా. రావచ్చా? వద్దంటే రాను. కొన్నాళ్ళాగి మళ్ళీ అడుగుతాను.

వదిన


ఆగస్టు 23

వదినా,

మీ ఉత్తరం మీ తమ్ముడి చేతికిచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని పనికి వెళ్ళిపోయారు. వారం తర్వాత వచ్చి, అన్నం దగ్గర కూర్చుని, "అక్క మోకాలితో ఆ రైలు మెట్లెలా ఎక్కుతుంది? నేనే వెళ్ళి తీసుకొస్తాను" అన్నారు. ఆయన మనసులో ఏముందో నేనడగలేదు. నా మనసులో ఏముందో ఆయనా అడగలేదు. వచ్చే నెల మొదట్లో బయలుదేరి వస్తారు, తయారుగా ఉండండి.

బుడంకాయ నిలబడుతున్నాడు. నేను కుడుతున్నంతసేపూ మెషిను బల్ల పట్టుకుని నిలబడి ఉంటాడు. తొక్కుతుంటే బల్ల అదురుతుంది కదా, ఆ అదురుకి అరచేతులు ఆనించి కిలకిలా నవ్వుతాడు. ఆపితే ఏడుస్తాడు. ఇప్పుడు గలీబులు లేని రోజు కూడా ఉత్తినే తొక్కుతున్నాను. మొన్న మీ తమ్ముడు వాణ్ణి రోలరు దగ్గరికి తీసుకువెళ్ళి ఇంజను మీద చెయ్యి పెట్టించారట. వచ్చి చెబుతూ చెబుతూ లేచి వెళ్ళి మొహం కడుక్కున్నారు.

మీరు వచ్చాక నాతో ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ సంగతులన్నీ ఉత్తరాల్లో అయిపోయాయి. పెద్దపాప ఫోటో గోడ మీదే ఉంటుంది, చూసి ఏడవాలనిపిస్తే ఏడవండి, నేను పక్క గదిలో ఉంటాను. నాలుగు రోజులుండి వెళ్ళిపోతానంటే ఒప్పుకోను. ఉండగలిగినన్నాళ్ళు ఉండండి. మన మధ్య మునుపటిలా ఉంటుందో లేదో నాకు తెలియదు. ఉండకపోవచ్చు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. గుమ్మంలోంచే పేరు పెట్టి పిలవకండి. తిరగలేదని మీకు దిగులేస్తుంది. చెప్పులు విప్పి, నెమ్మదిగా వాడి ఎదురుగా వెళ్ళి కింద కూర్చోండి. మీ మొహం వాడికి కనబడనివ్వండి. కొత్త మొహమని కాసేపు చూస్తాడు. తర్వాత వాడే వస్తాడు.

మీ మరదలు